మూడు వేల మంది కడపటివాళ్ళు

కేతకి అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. మొగుడు చచ్చిపోతాడని కాదు. బతికే ఉండి, ఎదురుగా నిలబడి, తనని తేరిపార చూసి, "ఎవరు నువ్వు?" అంటాడని.

నలభై రోజులుగా అదే భయం. భయం కూడా పాతబడుతుంది కాబోలు, ఇప్పుడది అరికాల్లో కాసిన కాయలా ఉంది. నొక్కితే ఉన్నట్టు తెలుస్తుంది గాని నొప్పి లేదు.

వజ్రపాద రాజ్యపు రాజధానిలో దర్పణశాల ఉంది. మాంత్రికుడు వక్రశంఖుడు కట్టించాడు. పగడపు స్తంభాలు, గోమేధికాల గుమ్మాలు, గాలి వీస్తే గలగలమనే ముత్యాల తెరలు, నెమలి కంఠం రంగులో మెరిసే నేల. ఆ నేల మీద వరసలు వరసలుగా మూడు వేల నిలువుటద్దాలు, అద్దానికో చందనపు పీట. గోడకు నాలుగు పటాలు వేలాడతాయి, ఒక్కో పటంలో ఒక్కో జాతి. నచ్చిన పటం మీద అరచెయ్యి ఆనించి పీట మీద కూర్చుంటే చాలు, ఒళ్ళు ఇక్కడే ఉంటుంది, ప్రాణం అద్దంలోని ప్రతిబింబపురానికి పోతుంది. అక్కడ ఆ జాతి రూపం వస్తుంది. ఇష్టమున్నంతసేపు తిరిగి, అక్కడి సింహద్వారం దాటితే మళ్ళీ ఒంట్లోకి రావచ్చు.

అలా ఒక్కపూట చూసొస్తానని వెళ్ళిన గంగులు ఏడో పీట మీద నలభై రోజులుగా కూర్చునే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కేతకి నోట్లో గంజి పోస్తే సగం దిగేది, సగం గడ్డం మీదుగా కారేది. అన్ని పీటలదీ అదే వరస. ఎనిమిదో పీట మీది మనిషిని ఆ పొద్దునే దుప్పటి కప్పి మోసుకుపోయారు.

వాళ్ళటు వెళ్ళారో లేదో గుమ్మంలో దండోరా మోగింది.

"అద్దంలో జనం లెక్క తప్పిందహో! నడిపొద్దుకు వక్రశంఖులవారు శంఖం మూడుసార్లు ఊదుతారహో! మూడో శంఖంతో మిగులు తుడుచుకుపోతుందహో!"

"మిగులంటే ఎవరు?" కేతకి అడిగింది.

"మిగులంటే మిగులేనమ్మా. నాకేం తెలుసు? డప్పు కొట్టమన్నారు, కొట్టాను," అని దండోరావాడు పక్క వీధికి పోయాడు.

కేతకి చంకలోని పాపని గంగులు అక్క గోమతి చేతుల్లో పెట్టింది. ఆరు నెలల పిల్ల, నిద్రలో పెదాలు చప్పరిస్తోంది.

"ఏమే, నీకు మతిపోయిందా?" అంది గోమతి. "పోయినవాడు ఒకడు చాలడా? నువ్వు కూడా బొమ్మలా కూర్చుంటే ఇద్దరికీ గంజి ఎవరు పొయ్యాలి, నేనా?"

"పాలిచ్చాను వదినా. ఏడిస్తే గంజితేట వేలితో నాకించు."

"తిరిగి రాకపోతే?"

కేతకి కొంగు బిగించింది. పటాల దగ్గరికి వెళ్ళింది.

ఆమె చదువు గుణింతాల దగ్గరే ఆగిపోయింది. వెదురు చీల్చడానికి చేతులు కావాలని బడి మాన్పించారు. అందుకని ఏది చదివినా కూడబలుక్కుని చదువుతుంది. మధ్యలో వదిలేస్తే ఏం కొంప మునుగుతుందోనని చివరిదాకా చదువుతుంది. మొదటి పటం చంద్రవంకలది. వెన్నెల లాంటి ఒళ్ళు, నుదుట నెలవంక, మోకాళ్ళు దాటిన జుట్టు. వేలమంది అరచేతులు ఆని ఆ పటం నున్నబడి మెరుస్తోంది. కింద సన్నటి అక్షరాలున్నాయి: 'వీరు లోకమంతటా పన్నెండుగురే. ఆకలి లేదు, దుఃఖం లేదు, నీడ లేదు. ఇనుము ముట్టరు.'

చిట్టచివరి పటం నిండా బూజు. కేతకి కొంగుతో తుడిచింది. 'మనుషులు. వీరు లెక్కలేనంత మంది. వీరికి ఆకలి, దుఃఖం ఉంటాయి. వీరు నీళ్ళు మోస్తారు, వంట చేస్తారు, తలుపులు తెరుస్తారు.'

తనేదో అదే కదా అని ఆ పటం మీద చెయ్యి పెట్టి, ఎనిమిదో పీట మీద కూర్చుంది. పీట ఇంకా వెచ్చగా ఉంది. పాదాలు మొద్దుబారాయి, తరవాత మోకాళ్ళు, తరవాత నడుము.

కళ్ళు తెరిచేసరికి ప్రతిబింబపురం. ఆకాశాన్ని గీరే వెండి గోపురాలు, స్ఫటికపు మెట్ల మీద జారే సెలయేళ్ళు, కొమ్మకొమ్మకూ దీపాల్లాంటి పువ్వులు, చిలకలు సైతం పద్యాల్లో పలకరించుకునే తోటలు. అంత అందమైన ఊళ్ళో ఒక్క ఇంటి కప్పు మీదా పొగ లేదు. బావుల మీద గిలకలు తుప్పు పట్టాయి. గోడ మీద ఒక ఆజ్ఞ రాసి ఉంది. కేతకి ఆగి చదివింది: 'మనిషి కనబడితే రాతి సింహాలకు ఆహారం. ఇట్లు, వక్రశంఖుడు.'

వీధి మలుపులో ఏనుగంత రాతి సింహం నేల వాసన చూస్తోంది.

కేతకి పక్క ఇంట్లోకి దూరింది. చల్లారి ఏళ్ళయిన పొయ్యి, చిరిగిన చేట. చేటలోంచి ఒక వెదురు బద్ద లాగి, పళ్ళతో చీల్చి, వంచి, నెలవంక చేసి నుదుటికి కట్టుకుంది. గోడ సున్నం గీకి మొహానికీ చేతులకూ పూసుకుంది. నీడ కనబడకుండా చూరుల కింద నడిచింది. తనని చూస్తారనుకుంది గాని అక్కడ ఎవరూ ఎవర్నీ చూడటం లేదు.

వీధి నిండా చంద్రవంకలే. అరుగుల మీద, మెట్ల మీద, చెట్ల కింద ఎక్కడ చూసినా వాళ్ళే.

"నేను చంద్రవంక వంశంలో కడపటివాణ్ణి," అంటున్నాడొకడు స్తంభానికి ఆనుకుని. "నా తల్లిదండ్రుల్ని రాక్షసులు చంపారు."

"అయ్యో, నా వాళ్ళనీ రాక్షసులే చంపారు," అంది ఎదుటామె. "నేను కడపటిదాన్ని."

"నువ్వు కడపటిదానివైతే నేనెవర్ని?"

"బాబూ, ఇద్దరూ కాస్త జరగండి," అన్నాడు వెనకనుంచి మూడోవాడు. "కడపటివాడికి దారి కావాలి."

కేతకికి నవ్వు రావాలి. రాలేదు. ఒక్కో మొహం చూసుకుంటూ పోయింది. అన్నీ ఒకే మొహం, ఆ పటంలోదే. వీళ్ళలో గంగుల్ని ఎలా పోల్చుకోవడం?

అంతలో రొమ్ములు చేపుకొచ్చాయి. బయట పాపకి పాల వేళ అయింది కాబోలు, రవిక తడిసింది. చంద్రవంకలకి పాల వాసన ఎక్కడిది? మలుపులో సింహం తలెత్తింది.

కేతకి పరుగు తీసింది. వెనక రాతి గోళ్ళు బండల మీద నిప్పులు రాలుస్తున్నాయి. అంగడి వీధి, అద్దాల వంతెన, పూలబావి. పూలబావి మీదుగా దూకింది. సింహం బావి గట్టు బద్దలుకొట్టుకుని వచ్చింది. సందులోకి తిరిగితే ఎదురుగా ఇంకో సింహం. రెండూ ఒకేసారి దూకాయి. పక్కన ఒక తలుపు తెరుచుకుని, బరువైన చెయ్యి ఒకటి ఆమె జుట్టు పట్టి లోపలికి లాగింది. బయట రాయికి రాయి తగిలిన చప్పుడుకి ఇల్లంతా దద్దరిల్లింది.

"మనిషివా?" అన్నాడు లాగినవాడు. నెత్తి నుంచి కాళ్ళదాకా నల్లరాయి. వేళ్ళ మధ్య ఈక కలం. "నిజంగా మనిషివేనా? ఏదీ, నీ నీడ చూడనీ. హమ్మయ్య! ఎన్నాళ్ళకమ్మా!"

అతను భూర్జపాలుడు, ఆ ఊరి లేఖకుడు. శిలాకాయుల జాతి. గదిలో తాటిచెట్టంత ఎత్తున ఒక గ్రంథం ఉంది.

"ఈ ఊరు పుట్టింది ఈ గ్రంథంలోంచి," అన్నాడు. "చంద్రవంకలు పన్నెండుగురని రాసుంది. బయటనుంచి వచ్చినవాళ్ళు మూడు వేలు. అందరూ పటం చూశారు, కింద రాసింది ఎవరు చదివారు? నేను సర్దుదామనే చూశానమ్మా. వీడు పుట్టగానే తప్పిపోయిన కవల అని రాశాను. ఈమె సముద్రంలో పెట్టెలో కొట్టుకొచ్చిందని రాశాను. వందమందికి వంద కథలు అల్లాను. నూట ఒకటోవాడు వచ్చి, 'నేనూ తప్పిపోయిన కవలనే' అన్నాడు. ఎవరికి కవల? నా దగ్గర సరుకు అయిపోయింది."

"అందరూ ఎందుకు వెనక్కి రావడం లేదు?"

"సింహద్వారం తలుపు ఇనుప గొలుసుతో పైకి లాగాలి. చంద్రవంకలు ఇనుము ముట్టలేరు. లాగడానికి మనుషులుండాలి. మనిషిగా ఉంటానని ఎవడొచ్చాడు? నా చేతులు చూడు, వేళ్ళు వంగవు, కలం పట్టుకోవడమే గొప్ప. ఆకలి లేదు, దుఃఖం లేదు, అందుకని ఇక్కడ చిక్కుకుపోయామని కూడా వాళ్ళకి తోచదు. గ్రంథానికీ ఊరికీ పొంతన కుదరకపోతే గ్రంథమే నిజం. మూడో శంఖానికి పన్నెండుగురు మిగులుతారు. తక్కినవాళ్ళ ప్రాణాలు వక్రశంఖుడి శంఖంలోకి పోతాయి. వాడు పటాలు వేయించిందే అందుకు."

అప్పుడే మొదటి శంఖం మోగింది. గోడలు సన్నగా వణికాయి.

కేతకి మొహం మీది సున్నం గీక్కుంటూ గ్రంథం వైపు చూసింది. "మా ఊళ్ళో జాతరకి వేషాలు కడతారు," అంది. "మొన్న పన్నెండుమంది రాముళ్ళొచ్చారు. రాముడు ఒక్కడే కదా, పన్నెండుమందేంటని ఎవరూ అడగలేదు. వేషమని అందరికీ తెలుసు."

భూర్జపాలుడు కలం ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"వీళ్ళు చంద్రవంకలు కారు బాబూ. చంద్రవంకల వేషం కట్టిన మనుషులు. అలా రాయకూడదా?"

"మూడొందల ఏళ్ళుగా రాస్తున్నాను," అన్నాడు లేఖకుడు నెమ్మదిగా. "ఇవాళ వచ్చిన పిల్లకి తట్టింది నాకు తట్టలేదు. రాయవచ్చు. కానీ ఈ సిరా అబద్ధానికి అంటుకోదు. ఒక్కొక్కరూ తమ అసలు పేరు, తల్లి పేరు, చేసే పని నోటితో చెప్పాలి. చెప్పినవాళ్ళకి వేషం ఊడుతుంది."

"చెబుతారా?"

"పిలిస్తే వస్తారా అని అడుగు ముందు. మూడు వేల మంది రాకుమారుల్ని ఎవరు పిలుస్తారు?"

కేతకి మేడ మీదికెక్కి, నలభై రోజుల తరవాత మొదటిసారి గొంతెత్తింది.

"సింహద్వారం దగ్గర అసలైన కడపటి చంద్రవంక ఎవరో తేలుస్తున్నారహో! పేరు గ్రంథంలో ఎక్కిస్తున్నారహో!"

ఊరు ఊరంతా కదిలింది. వెండి జుట్లు, పట్టు ఉత్తరీయాలు, రత్నాల ఒరలు, వరదలో కొట్టుకొచ్చిన తామరపూలలా వీధుల నిండా పొర్లుకుంటూ వచ్చాయి. "నన్ను ముందు పోనివ్వండి!" "నేను రాజవంశం!" "నేనూ రాజవంశమే, తొయ్యకు!"

ద్వారం వంద అడుగుల ఇత్తడి తలుపు. పక్కన కప్పీ మీదుగా వేలాడే ఇనుప గొలుసు. గొలుసు తగిలించే మేకుని వక్రశంఖుడు ఎప్పుడో పీకించేశాడు. లాగి పట్టుకున్నంతసేపే తలుపు పైకి ఉంటుంది, వదిలితే పడుతుంది. కేతకి గొలుసుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని లాగింది. తలుపు కిర్రుమంటూ లేచింది. వక్రశంఖుడి సింహాలు వచ్చే సందుకి భూర్జపాలుడు తన రాతి వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు, భుజాన మోసుకొచ్చిన గ్రంథం ఎదర పెట్టుకుని కలం పట్టాడు. సింహాలు ఆ వీపు మీద పళ్ళు విరగ్గొట్టుకుంటున్నాయి.

"పేరు? అమ్మ పేరు? పని?" అంది కేతకి.

"నేను హిమకిరణ వంశ..."

"సిరా అంటుకోలేదు," అన్నాడు లేఖకుడు. "మళ్ళీ చెప్పు."

"...సిద్దప్ప. మా అమ్మ నీలమ్మ. తోళ్ళు శుభ్రం చేస్తాను."

నెలవంక చిట్లి నేల మీద రాలింది. నడివయసు మనిషి, చేతులకి సున్నపు మరకలు. పొట్ట పట్టుకుని వంగిపోయాడు. "ఆకలే! అమ్మో, ఆకలే!" అని తలుపు కిందనుంచి బయటికి దూకాడు.

తరవాత ఒకరి వెనక ఒకరు. చాకలి, పడవవాడు, చిన్న కోడలు, పెద్ద కోడలు, రాజుగారి వంటింట్లో గిన్నెలు తోమే ముసలమ్మ. రాలిన నెలవంకలు కేతకి పాదాల దగ్గర గుట్టపడ్డాయి. "కాసేపు గొలుసు పట్టుకోండయ్యా," అని ఆమె మొదటి పదిమందినీ అడిగింది. తరవాత మానేసింది. ఆకలి వేసినవాడి కాలు ఎక్కడ నిలుస్తుంది? అద్దంలో పొద్దు జీడిపాకంలా సాగుతుంది, అదొక్కటే అదృష్టం. చేతుల్లో రక్తం కారుతోందని చూసింది. ఎవరి చేతులో చూసినట్టు చూసింది.

రెండో శంఖం మోగింది. లేఖకుడి భుజం సగం విరిగింది.

పన్నెండుగురు మాత్రం ఎంత పిలిచినా దూరంగా మెట్ల మీదే కూర్చున్నారు. "మేం చెప్పం. మాకు ఇదే బాగుంది," అన్నారు. భూర్జపాలుడు వాళ్ళని లెక్కపెట్టి, గ్రంథం వైపు చూసి, "సరిగ్గా పన్నెండు," అని తలపట్టుకున్నాడు. "వెధవ గ్రంథం, ఎన్నడూ తప్పు కాదు."

వరసలో ఒక్కడే మిగిలాడు. పట్టు అంగరఖా, నుదుట వెలుగు. గొలుసు పట్టుకున్న స్త్రీని కాసేపు తేరిపార చూశాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు.

గొంతు గంగులుది. పట్టు పూత పూసినా అదే జీర.

కేతకి లోపల ఏదో పగులుతుందని ఎదురుచూసింది. ఏమీ పగల్లేదు. గొలుసు చల్లగా ఉంది. నెత్తి మీద పొద్దు తెల్లగా ఉంది. మూడు వేల మందిని అడిగిన గొంతుతోనే అడిగింది.

"పేరు? అమ్మ పేరు? పని?"

"శశాంకశేఖర దేవుణ్ణి. నా తల్లి మంచుకొండల రాణి."

"అంటుకోలేదు," అన్నాడు లేఖకుడు.

"మళ్ళీ చెప్పు," అంది కేతకి.

"శేఖరుణ్ణి... మా అమ్మ... కొండల దగ్గర..."

"అంటుకోలేదు."

"మళ్ళీ."

అతను గొలుసుకి చుట్టుకున్న ఆ వేళ్ళకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గంగులు," అన్నాడు. "మా అమ్మ సోమాలు. బుట్టలు అల్లుతాను." ఆగాడు. "బాగా అల్లను."

సిరా అంటుకుంది. నెలవంక రాలింది. ఎదురుగా నలభై రోజుల గడ్డంతో, ఎముకలు తేలిన గంగులు.

"నీ బుట్టకి అడుగు వదులుగా వస్తుంది," అంది కేతకి.

"నువ్వు బిగిస్తావుగా." మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఆకలే, ఆకలేస్తోందే కేతకీ! పాప?"

"బయట ఉంది. వదిన దగ్గర."

"ఏడుస్తోందా?"

"ఇక్కడికి వినబడదు మావా. లే, తలుపు కిందనుంచి పో."

"నేను పోతే గొలుసు ఎవరు పడతారు?"

"నేను."

"నువ్వు పోయేటప్పుడు?"

ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఆలోచించలేదు. అందరినీ పంపించాక తను ఎలా వెళుతుంది? కడపటి మనిషి ఎవరైనా ఈ పక్కనే ఉండిపోవాలి. గంగులు లేచి ఆమె చేతుల మీద చేతులు వేసి గొలుసు అందుకున్నాడు.

"వదులు," అన్నాడు.

"వదలను. నీకు ఒంట్లో సత్తువ లేదు."

"పాలు నా దగ్గరున్నాయా? వదలవే మొండిదానా!"

ఫెళ్ళున లేఖకుడి వీపు పగిలింది. సింహాలు లోపలికి దూకాయి. వాటి వెనక పొగ సుడులు తిరుగుతూ, ఎర్రటి కళ్ళతో వక్రశంఖుడు శంఖం పెదాలకి ఆనించాడు. గంగులు భుజంతో ఆమెని ఒక్క తోపు తోశాడు. కేతకి దొర్లుతూ తలుపు కిందనుంచి అవతల పడింది. మూడో శంఖం మోగింది. ఇత్తడి తలుపు దడాలున పడింది.

దర్పణశాల. ఎనిమిదో పీట. నడుము, మోకాళ్ళు, పాదాలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. శాలంతా గోల. మూడు వేల మంది గంజి, గంజి అని అరుస్తున్నారు, ఏడుస్తున్నారు, ఒకరి పేరు ఒకరు అడుగుతున్నారు.

"వచ్చావా తల్లీ!" గోమతి పాపని ఆమె ఒళ్ళో పడేసింది. "ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. పట్టు. ఇంతమందికి గంజి ఎక్కడినుంచి తెస్తానో నేను!" అంటూ కుండ ఎత్తుకుని గుంపులో కలిసిపోయింది.

పాప రొమ్ము అందుకుంది. గుటకలు వేస్తోంది. కేతకి గుటకలు వింటూ ఎదుటి అద్దంలోకి చూస్తూ కూర్చుంది. అద్దంలో ఏమీ లేదు, పొగ తప్ప. ఎడమ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఏడో పీట ఉంది. తల తిప్పితే తెలిసిపోతుంది. ఆమె తల తిప్పలేదు. పాప పాలు తాగడం అయ్యేదాకా తిప్పనని అనుకుంది. ఆ తరవాత ఇంకో పక్కకి మార్చుకుంది.

అయ్యా, అమ్మా, ఈ కథ చదువుతున్న మీకు చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా. వరసలో ఎడమ చివరనుంచి ఏడోది, చందనపు పీట. గడ్డం పెరిగిన బక్కపలచని మనిషి. కాస్త దగ్గరికి వెళ్ళి, ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందేమో చూసి ఆమెకి చెప్పండి. గట్టిగా చెప్పకండి, పాప ఇప్పుడే కళ్ళు మూసింది.